శక్తి ఎక్కువైన మనిషి

ఢిల్లీ జనక్‌పురిలో కూరగాయల బండి వీధి మలుపు తిరిగిందంటే చాలు, సీతారత్నం మెట్లు దిగి ఎదురెళ్లేది. బాపట్ల నుంచి కొత్త పెళ్లికూతురిగా వచ్చిన నాటి నుంచీ ఆమె హిందీ ఆమెదే. "భయ్యా, యే బెండకాయ ముదిరిపోయా హై, సచ్ బోలో!" అనేది. బండివాడు నవ్వి లేతవి ఏరి ఇచ్చేవాడు. భర్త అంకయ్య కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యాడు. బజారులో నోరు విప్పడం ఆయనకు చేతకాదు. బయటి లోకం ఆ ఇంట్లోకి సీతారత్నం గొంతులోంచే వచ్చేది.

ఆ గొంతుకే ముందు తాళం పడింది. కరోనా రెండో విడతలో జ్వరం బాగా కాసి తగ్గింది. గండం గడిచిందనుకున్నారు. ఆ చలికాలం పొగమంచు దిగగానే దగ్గు పట్టుకుంది. తర్వాత్తర్వాత చలికాలం కూడా అక్కర్లేకపోయింది. పోపు మాడినా, పక్కింటివాళ్లు దుప్పటి దులిపినా, ఊపిరందక గోడ పట్టుకుని నిలబడిపోయేది.

అంకయ్య కిటికీ సందులకు టేపు అంటించాడు. గాలిని శుభ్రం చేసే మిషను కొని మంచం పక్కన పెట్టాడు. పొద్దున్నే మిరియాలు, శొంఠి, తిప్పతీగ వేసి కషాయం కాచేవాడు.

"తాగు. రోగనిరోధక శక్తి పెరగాలి."

"పెరిగి పెరిగి నన్నే మింగేట్టుందండీ," అంటూ ముక్కు మూసుకుని తాగేది.

ఢిల్లీ గాలిదే తప్పనుకుని, బాపట్లలో ఆమె చెల్లెలింటికి తీసుకెళ్లాడు. సముద్రపు గాలికి కొన్నాళ్లు హాయిగానే ఉంది. ఒక సాయంత్రం చెల్లెలు ఇల్లంతా సాంబ్రాణి వేసింది. అంతే, సీతారత్నం ఉక్కిరిబిక్కిరై వసారాలో కూలబడింది. కాస్త తేరుకున్నాక భర్త మొహంలోకి చూసింది.

"ఎక్కడికని పారిపోతామండీ? నేనూ వెంట వస్తున్నాను కదా."

తిరిగొచ్చాక ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించారు. పేరు శరణ్య, కర్నూలు అమ్మాయి. తెలుగు మాట వినగానే సీతారత్నానికి ప్రాణం లేచొచ్చింది.

"ఇది ఆస్తమా ఆంటీ. మీకు శక్తి తక్కువై రాలేదు, ఎక్కువై వచ్చింది."

"శక్తి ఎక్కువైతే జబ్బు చేస్తుందా? వీధిలో చెబితే నవ్వుతారు తల్లీ!"

"మీ కాలనీలో చౌకీదారు ఉంటాడు కదా. ఒకసారి దొంగల చేతిలో తన్నులు తిన్నాడనుకోండి. ఆ తర్వాత పాలవాడొచ్చినా ఈల ఊదుతాడు. ఒంట్లో కాపలా కణాలూ అంతే. పెద్ద జబ్బు చూశాక దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. ఒక్కోసారి అది మంచిదే. పసిపిల్లలకు వేసే క్షయ టీకా వేరే జబ్బుల్ని కూడా కొంత ఆపుతుందంటే, అందుకేనంటారు. మీ ఒంట్లో ఆ కరోనా బెదురు మిగిలిపోయిందేమో. గట్టిగా చెప్పలేను, ఇంకా పరిశోధిస్తున్నారు."

"ఆ కాపలావాళ్లని మార్చెయ్యరాదూ?"

"వాళ్లు ఎలాగూ ఎక్కువ రోజులు బతకరు. కొత్తవాళ్లు ఎముకల మూలుగలో పుడతారు. అక్కడే ఆ బెదురు నేర్చుకుని వస్తున్నట్టుంది."

డాక్టరు ఆమె చేతిలో ఇన్‌హేలరు పెట్టి, "రోజూ పీల్చండి. ఆ శక్తిని అణచిపెడుతుంది," అంది.

ఆ మాట దగ్గరే అంతా చెడింది. ఇంటికి రాగానే ఆమె ఇన్‌హేలరు తీసి అలమరలో పడేసింది.

"మెట్లు దిగడానికే ఓపిక లేదు. ఉన్న శక్తిని కూడా అణచుకోనా?"

అంకయ్య నచ్చజెప్పలేదు. ఆయనకూ లోపల అదే భయం. మర్నాటి నుంచి కషాయంలో మిరియాలు పెంచాడు.

దీపావళి వెళ్లిన వారానికి ఆమె పెదాలు నీలం తిరిగాయి. ఆస్పత్రిలో ఉంచుకుని, ప్రాణం నిలబెట్టి పంపారు. ఇంటికొచ్చిన రోజు అంకయ్య అలమరలోంచి ఇన్‌హేలరు తీసి ఆమె పక్కన కూర్చున్నాడు. చెప్పాల్సిన మాట దారిపొడవునా వెతుక్కుంటూ వచ్చాడు.

"ఇది అణచదే. బెదిరినవాణ్ణి బుజ్జగించి కూర్చోబెడుతుంది."

"ఆ పిల్ల ముందే అట్లా చెప్పొచ్చుగా," అని చెయ్యి చాపింది.

అప్పట్నుంచి ఒక్కరోజు మానలేదు. దగ్గు తగ్గింది. వేసవిలో వంటింట్లో నిలబడి పప్పుచారు కాచింది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఒకటే అడిగేది, "ఆ కాపలావాళ్లు ఆ బెదురు ఎప్పటికి మరిచిపోతారు తల్లీ?"

"నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు. నిజంగా తెలీదు ఆంటీ."

మళ్లీ నవంబరు వచ్చింది. పట్టపగలే ఎదుటి మేడ కనిపించనంత పొగ. మూడో రోజుకు ఆమెను మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లారు. శరణ్య పరుగున వచ్చి, "ఇన్‌హేలరు ఆపేశారా?" అని అంకయ్యను అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపేలోపు, సీతారత్నం మొహం మీది ఆక్సిజన్ మాస్కు తనే పక్కకు లాగింది.

"ఆపలేదమ్మా. ఆయన్ని కోప్పడకు."

నర్సు మాస్కు సరిచేసి, ఈసారి పట్టీ బిగించింది. ఆ మాస్కు కిందే ఆమె ఊపిరి ఆగింది. ఆ తర్వాత ఆమె గొంతు ఎవరూ వినలేదు.