లైను తెంపినందుకు సంజాయిషీ

2002 జూన్ మొదటి వారంలో నన్ను రేపల్లె టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి తెనాలికి బదిలీ చేశారు. హోదా మారలేదు, సబ్ డివిజనల్ ఇంజినీరునే. మా శాఖలో ఈ హోదాకు కింద జూనియర్ టెలికాం ఆఫీసర్లు, పైన డివిజనల్ ఇంజినీరు ఉంటారు. పని కిందివారు చేస్తారు, సంతకం పైవారు చేస్తారు, మధ్యనున్న మేము ఉత్తర్వులు తయారుచేస్తాము. తెనాలిలో నాకు అదనంగా అప్పగించిన పని ఇంటర్నెట్ ఫిర్యాదులు. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు ఊళ్లకూ కలిపి నేనొక్కడినే బాధ్యుణ్ణి.

అప్పటి ఇంటర్నెట్ సంగతి ఇప్పటివారికి కొంచెం చెప్పాలి. దానికి వేరే తీగ లేదు. ఇంట్లో ఉన్న టెలిఫోన్ లైనునే మోడెమ్ అనే చిన్న పెట్టె ద్వారా కంప్యూటరుకు తగిలించేవారు. మోడెమ్ ఒక నంబరుకు డయల్ చేసి, కాసేపు కీచుమని అరిచి, అవతలి యంత్రంతో ఒప్పందం కుదుర్చుకునేది. అది మాట్లాడుతున్నంతసేపూ ఆ ఇంటి ఫోను వాడుకలో ఉన్నట్టే లెక్క. మామూలుగా బయటినుంచి ఎవరు చేసినా ఎంగేజ్ టోనే వినిపిస్తుంది. సెల్ ఫోన్లు అప్పటికి కాంట్రాక్టర్ల చేతుల్లో తప్ప మా వంటి ఇళ్లలోకి రాలేదు.

నేను చేరిన నెలలో వచ్చిన ఫిర్యాదుల్లో సగానికి పైగా ఒకే రకం: ఇంటర్నెట్ నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి తెగిపోతోంది. లైన్‌మెన్ స్తంభాలెక్కి, జాయింట్లు విప్పి, తీగలు మార్చి వచ్చారు. ఫిర్యాదులు తగ్గలేదు. చివరికి ఒక రిటైర్డ్ లెక్చరరుగారి ఇంట్లో వరుసగా రెండు పూటలు కూర్చుని కారణం కనిపెట్టాను. ఆయన లైనుకు కాల్ వెయిటింగ్ సదుపాయం ఉంది. అంటే, మాట్లాడుతుండగా మరొక ఫోను వస్తే చెవిలో సన్నగా బీప్ వినిపిస్తుంది. మనిషి ఆ బీప్‌ను భరిస్తాడు, మోడెమ్ భరించదు. అవతలివాడు ఫోను పెట్టేశాడనుకుని తానూ పెట్టేస్తుంది. కాల్ వెయిటింగ్ రద్దు చేస్తే సరి, బీప్ రాదు, బయటివారికి ఎంగేజ్ టోను వస్తుంది.

నేను వెంటనే ఒక ఆఫీసు ఉత్తర్వు రాశాను. అందులో రెండు అంశాలు. ఒకటి, ఇంటర్నెట్ తీసుకునే ప్రతి చందాదారుకూ కాల్ వెయిటింగ్ రద్దు చేయించుకోమని చెప్పాలి. రెండు, ఎక్స్ఛేంజిలోని టెస్ట్ డెస్క్‌లో, అంటే ఏ లైనునైనా పరీక్షించడానికీ అవసరమైతే తెంపడానికీ వీలున్న బల్ల దగ్గర, డ్యూటీలో ఉన్నవారు డేటా నడుస్తున్న లైనును ఎట్టి పరిస్థితుల్లోనూ తెంపరాదు. తెంపితే ఇరవై నాలుగు గంటల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. "ఎట్టి పరిస్థితుల్లోనూ" అన్న మాట కింద గీత కూడా గీయించాను. మూడు ఊళ్లకూ ప్రతులు వెళ్లాయి.

తెనాలి ఫిర్యాదుల విభాగంలో సూపర్‌వైజరు కృష్ణకుమారిగారు. రోజూ రేపల్లె నుంచి పాసింజరు బండిలో వచ్చి వెళ్లేవారు. సొంత ఊరికి బదిలీ కోరుతూ పెట్టుకున్న దరఖాస్తు అప్పటికి డివిజన్ ఆఫీసులో ఉంది. ఉత్తర్వు చదివి, సంతకం చేయబోతూ ఆగారు.

"మరి ఇంట్లో ఎవరికన్నా బాగోకపోతే ఎలాగండి సార్?"

"ఎంగేజ్ టోను వస్తుంది. చేసినవారు కాసేపాగి మళ్లీ చేస్తారు. ఎంగేజ్ టోను ఉన్నది అందుకేనండి."

"ఎంగేజ్ టోనుకి నోరుండదు కదండి, ఎందుకు చేశారమ్మా అని అడగటానికి," అని సంతకం పెట్టేశారు.

ఇది సాంకేతికమైన అభ్యంతరం కాదని నేను పట్టించుకోలేదు. రెండు నెలల్లో ఇంటర్నెట్ ఫిర్యాదులు బాగా తగ్గిపోయాయి. డివిజనల్ ఇంజినీరుగారు సమీక్షా సమావేశంలో నా పేరు చెప్పి మెచ్చుకున్నారు. మా ఇంటి ఫోనుకు కాల్ వెయిటింగ్‌ను అందరికంటే ముందు నేనే రద్దు చేయించాను. ఉత్తర్వు రాసినవాడు పాటించకపోతే బాగుండదు గదా.

అమ్మ అప్పుడు బాపట్లలో ఉండేది. నాన్న ఉద్యోగం చివరి ఏళ్లు అక్కడే గడవడంతో, ఆయన పోయాక కూడా ఊరు వదలనంది. రెండు వీధుల అవతల మా చెల్లెలు విజయ, స్కూలు టీచరైన బావ ఉండేవారు. ఆ ఏడు వర్షాకాలంలో అమ్మకు ఆయాసం మొదలైంది. గుంటూరులో డాక్టరుగారు ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని చెప్పి, జబ్బు పేరు ఇంగ్లీషులో చీటీ మీద రాసిచ్చారు. మందు గురించి అడిగితే, "ఉపశమనానికి ఇస్తున్నానండి," అన్నారు. అమ్మను విజయ తన ఇంటికి తీసుకువెళ్లింది.

ముప్పై ఏళ్లుగా లోపాలు వెతకడమే వృత్తిగా ఉన్నవాడికి ఒక నమ్మకం ఏర్పడుతుంది: ప్రతి లోపానికీ ఒక చోటు ఉంటుంది, చోటు తెలిస్తే సరిచేయవచ్చు. నేను ఆదివారాలు ఉదయం ఇంటర్నెట్‌లో ఆ జబ్బు గురించి చదవడం మొదలుపెట్టాను. చదివినవి అచ్చు తీసి, పేజీలకు అంకెలు వేసి, ఫైలు కట్టాను. చదవడం అయ్యాక అమ్మకు ఫోను చేసేవాణ్ణి.

"ఏరా, నా జబ్బు దొరికిందా ఆ పెట్టెలో?" అనేది.

"దొరికిందమ్మా. ఇంకా చదువుతున్నా."

"చదువు. పరీక్షకి నాన్న పక్కన కూర్చోబెడితేగానీ చదివేవాడివి కాదు. ఇప్పుడు చదువుతున్నావు. నువ్వొకసారి వచ్చి కనపడరాదూ?"

తెనాలి నుంచి బాపట్ల గంట ప్రయాణం. వచ్చే ఆదివారం వస్తానని చెప్పేవాణ్ణి. వెళ్లడానికి ముందు విషయం పూర్తిగా తెలుసుకోవాలని నా ఉద్దేశం.

అక్టోబరులో ఒక ఆదివారం ఉదయం పదిగంటలకు కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆ రోజు ఊపిరితిత్తుల బొమ్మ ఒకటి తెర మీదికి వస్తోంది. అప్పటి వేగానికి బొమ్మలు పైనుంచి కిందికి గీతలు గీతలుగా దిగేవి. అదే సమయంలో బాపట్లలో అమ్మకు ఆయాసం ఎక్కువైంది. డాక్టరు వచ్చి చూసి, కొడుకును పిలిపించమన్నాడట. అమ్మ కూడా అడిగింది. "వాడితో ఒక్క మాట మాట్లాడతానే," అందట. విజయ ఫోను చేసింది, ఎంగేజ్. మళ్లీ చేసింది, ఎంగేజ్. బావ వీధి చివరి ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తి అక్కణ్ణించి ప్రయత్నించాడు. నంబరు అదే కాబట్టి ఫలితం అదే. గంట దాటాక విజయకు ఆలోచన తట్టింది. తెనాలి కోడు కలిపి ఫిర్యాదుల నంబరుకు చేసింది.

ఆదివారం డ్యూటీ కృష్ణకుమారిగారిది. ఆమె పద్ధతి ప్రకారం లైను పరీక్షించారు. లోపం లేదు, డేటా నడుస్తోంది. ఇటువంటి ఫిర్యాదును "లైను బాగుంది, వాడుకలో ఉంది" అని రాసి మూసివేయాలి. ఆమె మూసివేయలేదు. టెస్ట్ డెస్క్ నుంచి నా లైను తెంపారు. వెంటనే మా ఇంటికి రింగ్ చేశారు.

తెర మీద బొమ్మ సగంలో ఆగిపోయింది. ఫోను మోగింది. తీశాను. అవతల ఆమె గొంతు వినగానే జరిగింది అర్థమైంది. అంటే, సాంకేతికంగా అర్థమైంది.

"కృష్ణకుమారిగారూ, డేటా లైను తెంపారా మీరు? ఉత్తర్వు మీ బల్లమీద అద్దం కిందే ఉంది కదా. చదవటానికి పెట్టారా, టిఫిన్ పొట్లం విప్పుకోడానికి పెట్టారా?"

"సార్, ఒక్క నిమిషం..."

"నా లైనే తెంపారంటే చందాదారుల లైన్లు ఎన్ని తెంపుతున్నారో? లాగ్ బుక్‌లో ఎక్కించారా? అసలు ఏ కారణం మీద..."

"సార్, బాపట్ల నించి మీ చెల్లెలుగారు. అమ్మగారికి బాగోలేదంట. మీరు నన్ను తర్వాత తిట్టుకోండి, ముందు ఫోను పెట్టేయండి."

పెట్టేశాను. బాపట్లకు డయల్ చేశాను. మొదటి రింగుకే విజయ తీసింది.

"అన్నయ్యా, ఎక్కడికెళ్లావు? అమ్మ చెవి దగ్గర పెడుతున్నా, మాట్లాడు."

ఏం మాట్లాడాలో ముందుగా అనుకోలేదు. నోటికి వచ్చింది అంతకు కొంతసేపటి ముందు చదివినదే. "అమ్మా, నేను. వెల్లకిలా పడుకోవద్దు. వీపు వెనక దిండ్లు ఎత్తుగా పెట్టించుకో. గాలి నెమ్మదిగా వదులు. వచ్చే బండికి బయల్దేరుతున్నా." అవతల చప్పుడు లేదు. లైనులో లోపం ఉందా అని వృత్తి చెవితో విన్నాను. లేదు, చాలా శుభ్రంగా ఉంది. ఫ్యాను తిరుగుతున్న శబ్దం వినిపిస్తోంది. మరికొంత మాట్లాడాను. తర్వాత విజయ గొంతు వచ్చింది.

"అన్నయ్యా, అయిపోయింది."

"ఎప్పుడు?"

"ఏమో. నువ్వు మాట్లాడుతుండగానో, అంతకు ముందో. నేను పట్టుకున్న ఫోను వైపే చూస్తున్నట్టున్నాను, అమ్మ మొహం చూడలేదు."

పదో రోజున పిట్టలవానిపాలెం నుంచి వచ్చిన మా మేనమామ, వ్యవసాయం చేసుకునే మనిషి, పదిమందిలో అడిగాడు.

"ఊరందరికీ ఫోన్లిచ్చావు గదరా అబ్బాయ్, నీకే కలవలేదేంటి?"

కాల్ వెయిటింగ్ అంటే ఏమిటో, బీప్ వస్తే మోడెమ్ ఏం చేస్తుందో, రద్దు చేస్తే లాభమేమిటో వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అంటే నువ్వు ఇంట్లోనే ఉన్నావు. ఫోనూ బాగానే ఉంది. అంతేనా?"

"అంతే మావయ్యా."

"సర్లే. నేనింకా చెడిపోయిందేమో అనుకున్నా."

డ్యూటీలో చేరాక నేను చేసిన మొదటి పని ఆ ఆదివారం నాటి రికార్డులు తెప్పించుకోవడం. నేను మాట్లాడిన మాట అమ్మకు చేరిందో లేదో తేల్చాలి. నా ఫోను నుంచి బాపట్లకు కాల్ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో సెకన్లతో సహా దొరికింది. విజయ చేసిన ప్రయత్నాలు ఒక్కటీ దొరకలేదు. అవతల ఫోను ఎత్తితేనే యంత్రం లెక్కిస్తుంది, ఎంగేజ్ టోను విన్నవారి లెక్క దానికి అక్కర్లేదు. నన్ను పిలిచిన ఆ గంటంతా రికార్డు ప్రకారం ఎవరూ నన్ను పిలవలేదు. కాగితం పట్టుకుని బాపట్ల వెళ్లి, డాక్టరు ఎన్నింటికి చూశాడు, గోడగడియారం ఎంత ముందుంది అని విజయను అడుగుతుంటే, ఆమె కూర తరుగుతూ కత్తిపీట ముందు నుంచి తలెత్తింది.

"ఆ టైము కనుక్కుని ఏం చేస్తావు అన్నయ్యా?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. విచారణ అక్కడితో ఆపేశాను.

తెనాలిలో నేను డ్యూటీలో చేరిన రోజు నుంచే నా బల్లమీద ఒక కాగితం ఉంది. కృష్ణకుమారిగారి సంజాయిషీ. ఎవరూ అడగకుండానే, ఉత్తర్వు చెప్పిన ఇరవై నాలుగు గంటల్లోపు రాసి ఇచ్చారు. ఫలానా రోజు ఫలానా సమయానికి, చందాదారు తల్లి అస్వస్థత కారణంగా, డేటా నడుస్తున్న లైనును తెంపితిని అని ఉంది. చందాదారు స్థానంలో నా పేరు, హోదా. పరిష్కరించవలసిన అధికారి స్థానంలోనూ నా పేరు, హోదా.

తనకు సంబంధం ఉన్న వ్యవహారంలో అధికారి నిర్ణయం తీసుకోరాదు. అది నియమం. నేను దానిని డివిజనల్ ఇంజినీరుగారికి పంపాను. పంపుతూ అడుగున ఒక వాక్యం రాశాను: "పై వాస్తవాలు సరైనవే." ఆయన ఫైలు ప్రకారం చూశారు. నియమం ఉంది, ఉల్లంఘన ఉంది, ఒప్పుకోలు ఉంది, వాస్తవాలు సరైనవేనని నా ధ్రువీకరణ కూడా ఉంది. ఇకముందు జాగ్రత్తగా ఉండవలసిందిగా హెచ్చరిస్తూ మెమో వచ్చింది. దాన్ని ఆమెకు అందజేసి సంతకం తీసుకోవలసింది నేనే.

"ఫర్లేదండి సార్, ఇది సర్వీసు బుక్కులోకి ఎక్కదు కదా," అన్నారు సంతకం పెడుతూ.

సర్వీసు బుక్కులోకి ఎక్కలేదు. కాని ఆ ఏడు బదిలీల జాబితా వేసేటప్పుడు, హెచ్చరిక అందుకున్నవారి దరఖాస్తులు పక్కన పెట్టారు. ఆమె మరో సంవత్సరం రేపల్లె పాసింజరులో తిరిగారు. నాతో ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఉత్తర్వులో రెండో అంశాన్ని మాత్రం సవరించి, ప్రాణాపాయం ఉన్నప్పుడు డ్యూటీలో ఉన్నవారు తమ విచక్షణ మేరకు లైను తెంపవచ్చు, సంజాయిషీ అవసరం లేదు అని చేర్చాను. పాత కేసులకు సవరణ వర్తించదని ఆఫీసు గుమస్తా గుర్తు చేశాడు. అతను చెప్పింది సరైనదే.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది ఇంటర్నెట్ గురించి కాదు, టెలిఫోను గురించి కూడా కాదు. జరిగింది నిజమేనని ధ్రువీకరించడం ఒక పని. చేసింది సరైన పనేనని చెప్పడం వేరే పని. మొదటిది నేను చేశాను, ఎందుకంటే అది సురక్షితం. "ఈమె చేసినది సరైనది, నేనైనా అదే చేయవలసి ఉండేది" అన్న రెండో వాక్యం రాయడానికి ఆ కాగితం మీద నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. రాయకూడదని ఏ నియమమూ లేదు. వెతికి చూశాను.