బాబాయికి గడి లేదు

మా బాబాయి ముప్పై రెండేళ్లుగా రాళ్లు అరగదీస్తున్నాడు. పరిశోధనశాల వెనకగదిలో, కోతయంత్రం పక్కన ఆయన స్టూలు. రాతిని బిళ్లగా కోసి, గాజుముక్కకు అతికించి, గరుకుపొడి తడిలో వేళ్లతో రుద్దుతాడు. వెంట్రుకలో సగం మందానికి వస్తేనే రాతిలోంచి వెలుతురు కనిపిస్తుంది. ఒక్క రుద్దు ఎక్కువైతే, ఎవరో నెల్లాళ్లు కొండలెక్కి తెచ్చిన రాయి బురదే. అలా ఆయన చేతిలో పోయినవి రెండో మూడో.

ఆ గాజుముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసి ఎందరో డాక్టరేట్లు తెచ్చుకున్నారు. వాళ్ల వ్యాసాలన్నీ వెతికాను. ఒక్కదాంట్లోనూ బాబాయి పేరు లేదు.

ఈ ఏడాది కొత్త పద్ధతి వచ్చింది. ప్రతి రాయికీ ప్రపంచంలో మరే రాయికీ లేని నంబరు, ప్రతి పరిశోధకుడికీ అలాంటిదే ఒకటి. రాయి నంబరు కంప్యూటర్లో కొడితే ఎక్కడ దొరికింది, ఎవరు ఏరారు, ఎవరు పరీక్షించారు, అన్నీ తెలుస్తాయి. ఆ వివరాలు ఎక్కించే తాత్కాలిక ఉద్యోగం నాది.

బాబాయి నా వెనక నిలబడి చూశాడు.

"అరగదీసినవాళ్ల గడి ఏదిరా?"

"లేదు బాబాయ్."

"కిందికి జరిపి చూడు."

"రాయి పెట్టిన బీరువాకి ఉంది. నీకు లేదు."

"బీరువా నాకన్నా సీనియర్లే," అని నవ్వబోయి ఆగిపోయాడు. నెలాఖరుకు ఆయన రిటైర్మెంటు.

"ఏరినవాళ్ల గడిలో నీ పేరు కొట్టేస్తా. ఎవడొచ్చి చూస్తాడు?"

"నేను ఏరానా? ఊరుకో." తెరవైపు వేలు చూపించి, "అడుగున ఆ ఖాళీ ఏంటి?" అన్నాడు.

"ఇతర వివరాలు."

"అందులో రాయకూడదా? అన్నిటికీ వద్దులే. ఆ ఆకుపచ్చ రాయి ఒక్కదానికి. మూడు వారాలు ఏడిపించింది నన్ను."

ఇంటిపేరుతో సహా రాశాను. బాబాయి తెరమీదికి వంగి, అక్షరం అక్షరం చదువుకున్నాడు.

రెండు రోజులకు, ఎక్కించిన వివరాలు తనిఖీ చేసేవాళ్ల దగ్గర్నుంచి జవాబొచ్చింది: 'అనవసర సమాచారం తొలగించడమైనది.' మళ్లీ రాశాను. మళ్లీ తీసేశారు. మూడోసారి ఆ ఖాళీనే మూసేశారు.

బాబాయికి చెప్పలేదు. రోజూ టీ వేళకు తడిచేతులతో వచ్చి నిలబడతాడు.

"ఎక్కిందా?"

"ఇంకా చూస్తున్నారట."

"తొందరపెట్టకురా. ఎన్ని రాళ్లని చూస్తారు, పాపం."