కరుణమ్మ మేడం కాలేయం

మద్యం రుచే ఎరుగని మనిషి కాలేయ క్యాన్సర్‌తో మరణిస్తే, ఆ నేరాన్ని మీరు ఎవరి మీద మోపుతారు? నిన్న కర్నూలు బస్టాండు బయట ఇసుకలో వేగుతున్న వేరుశనగల వాసన తగలగానే ఈ ప్రశ్న మళ్లీ నన్ను పట్టుకుంది. ఆ పొగలో, ఎండ తెలుపులో, మాకు జంతుశాస్త్రం బోధించిన కరుణమ్మ మేడం నీలం అంచు చీర కదిలినట్టనిపించి, ఎటు వెళ్లాలో మరచి నిలబడిపోయాను.

డిగ్రీ చివరి ఏడాది మద్యపానంపై జరిగిన చర్చలో, కాలేయం చెడినవాడు తన గొయ్యి తానే తవ్వుకున్నవాడని వాదించాను. న్యాయనిర్ణేతగా ఉన్న మేడం నాకే మొదటి బహుమతి ఇచ్చారు. హాలు ఖాళీ అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"మాట్లాడింది బాగుండాది, అందుకే ఇచ్చినా. నిజమని కాదు. నా కాలేయంలో గడ్డ ఉండాది. నేనేం తాగినానో చెప్పప్పా."

తర్వాతి రోజుల్లో ఆమె తన జబ్బునే నాకు పాఠంగా చెప్పారు. హెపటైటిస్ బి వైరస్ పుట్టుకలోనే తల్లి నుంచి ఆమెకు చేరి, దశాబ్దాలు చప్పుడు లేకుండా ఉండిపోయింది. దానితో ఒళ్లు చేసే పోరులో కాలేయ కణాలు చనిపోతుంటే, ఆ లోటు తీర్చడానికి మిగిలినవి విభజన చెందుతూనే ఉంటాయి. ప్రతిసారీ జన్యువుల రాతకు నకలు తీయాలి, ఆ తొందరలో తప్పులు పేరుకుంటాయి. కొన్నిచోట్ల వైరస్ తన ముక్కనే ఆ రాతలోకి చొప్పిస్తుంది, బనగానపల్లె తోటల్లో మామిడికి అంటు కట్టినట్టు. తోటమాలి మాత్రం ఉండడు. పైగా వాళ్లింట్లో గట్టి వేరుశనగలు మండీకి వెళ్లేవి, బూజు పట్టినవి పారేయడానికి మనసొప్పక పిల్లలకు వేయించేవారు. మా ఇంట్లోనూ అంతే. ఆ బూజు విషం కణాన్ని అదుపులో ఉంచే కావలి జన్యువునే దెబ్బతీస్తుందని, వైరస్ ఉన్న కాలేయంలో ముప్పు ఎన్నో రెట్లవుతుందని ఆమె తరగతిలో చెప్పినంత నిదానంగా చెప్పారు.

ఆమె అసలు దిగులు వేరే. చెల్లెలి కూతురు సలోమికి ఏడో నెల. వైరస్ అదే తల్లి నుంచి చెల్లెలికీ, చెల్లెలి నుంచి ఆ పిల్లకూ చేరి ఉంటే, పుట్టబోయే బిడ్డకూ రావచ్చు. బయటపడితే అత్తవారు వెలివేస్తారన్న భయంతో సలోమి పరీక్ష తప్పించుకుంటోంది. ఒక ఆదివారం మేడం నన్ను తీసుకుని కడప దగ్గర ఆ అత్తవారింటికే వెళ్లారు. దారి పొడవునా కొండలు ఎండలో తేలుతున్నట్టుండేవి. అక్కడ భోజనాల దగ్గర, అందరి ముందూ, పరీక్ష ఎందుకు చేయించుకోవాలో నేను కారణాలన్నీ వరసగా వినిపించాను. సలోమి అంతా విన్నది.

"మాటలు బాగుండాయన్నా. రేపు నా పళ్లెం వేరు పెడితే నువ్వొచ్చి తింటావా?"

మేడం తాను సగం తిన్న పళ్లెం నా వైపు జరిపారు. నేను తిన్నాను. కలిసి తింటే వచ్చేది కాదని ఆమె చెబుతుంటే, గడపలో నిలబడి చూస్తున్న అత్తగారు లోపలికి వచ్చి అడిగింది.

"ఆ పరీక్ష యాడ చేస్తారమ్మా?"

సలోమికి వైరస్ ఉందని తేలింది. మందులు మొదలయ్యాయి. పుట్టిన కొద్ది గంటల్లోనే బిడ్డకు టీకా, రక్షణ ఇంజెక్షను పడ్డాయి. ఆ కబురు విన్నాక మేడం ఎక్కువ రోజులు లేరు. బిడ్డకు వైరస్ సోకలేదని తేలిన నాటికి ఆమె సమాధి మీద గడ్డి మొలిచింది. నేను ఇప్పటికీ వాదిస్తాను. కాకపోతే రోగి మీద తీర్పు నోటిదాకా వచ్చినప్పుడల్లా ఆ ఖాళీ హాలు గుర్తొచ్చి ఆగిపోతాను.

ఈ వారమే మీరూ మీ ఇంటివారూ హెపటైటిస్ బి పరీక్ష చేయించుకోండి. మీ ఇంట బిడ్డ పుడితే, ఇరవైనాలుగు గంటల్లోపు మొదటి టీకా వేశారా అని ఆసుపత్రిలో అడగండి. జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి.