వీపు తిప్పి నిలబడ్డ పిల్ల

దయ్యాలంటే మా ఇంట్లో ఎవరికీ పట్టింపు లేదు. నాన్న చర్చిలో ఉపదేశి. చీకటికి భయపడితే ఆయనకు కోపం వచ్చేది. నేనూ అలాగే పెరిగాను. ఇదంతా జరిగాక కూడా దయ్యాలున్నాయని నేను అనను. జరిగింది మాత్రం చెబుతాను.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. అమీర్‌పేటలో అప్పుడు ఇళ్లకంటే తోటలే ఎక్కువ. పంజాగుట్ట వైపు రాళ్లగుట్టలు, వాటి మధ్య టాంగాలు తిరిగే మట్టిదారి. నేను ఒక మిషన్ బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. బావ పోయాక అక్క, ఆమె కూతురు కరుణ నా దగ్గరే ఉండేవారు.

సీమకు, అంటే ఇంగ్లండుకు వెళ్లిపోతూ ఒక దొరసాని బడికి బొమ్మల కథల పుస్తకం ఇచ్చింది. అందులో ఒక రంగుల బొమ్మ ఉంది. అడవిలో చిన్న ఇల్లు, సగం తెరిచిన తలుపు, గడప దగ్గర నీలం గౌనులో ఒక పిల్ల. మనకు వీపు తిప్పి నిలబడి ఉంటుంది.

ఆ బొమ్మతో నేను పాఠం చెప్పేదాన్ని. వెలుతురు తలుపులోంచే వస్తోంది. చెట్లన్నీ ఇంటివైపే వంగాయి. పిల్ల పాదం ఒకటి గడప మీద, ఇంకొకటి గడ్డిలో ఉంది. వెళ్తుందో ఆగుతుందో తేలదు. చూసేవాళ్లు ఆ పిల్లలో తమను చూసుకోవాలనే చిత్రకారుడు మొహం దాచాడని వివరించేదాన్ని. ఆ బొమ్మలో ప్రతి గీతా నాకు తెలుసు.

ఎండాకాలం సెలవులకు పుస్తకం ఇంటికి తెచ్చాను. అప్పుడే కరుణకు టైఫాయిడ్ వచ్చింది. ఆ రోజుల్లో దానికి మందు లేదు. డాక్టరు వచ్చి బార్లీ నీళ్లు పట్టమని, నుదుటిపై తడిగుడ్డ వేయమని చెప్పి వెళ్లేవాడు.

ఒక మధ్యాహ్నం కరుణ ఆ బొమ్మ ముందేసుకుని పడుకుంది. "చిన్నమ్మా, గీ పిల్ల ఇటు తిరిగింది. జర సూడు" అంది.

చూశాను. వీపే ఉంది. జ్వరంలో ఏదో అంటోందనుకున్నాను.

ఆ సాయంత్రం పక్కింటి జైనబ్ ఆపా పాలు తెచ్చింది. కరుణ నిద్రలో ఉంది. ఆమెకు మేమేమీ చెప్పలేదు. మంచం మీద తెరిచి ఉన్న పుస్తకం చూసి ముఖం చిట్లించింది.

"బీమారున్న పిల్లకు గిసొంటి బొమ్మ ఎందుకు సూపిస్తున్నరమ్మా? గా పిల్ల ఏడుస్తున్నది గదా."

పుస్తకం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఏటవాలుగా పట్టి మళ్లీ చూశాను. వీపు, జడ, నీలం గౌను. అంతే.

మర్నాడు కరుణ నా చెయ్యి పట్టుకుంది. "లోపలికి రమ్మంటున్నది చిన్నమ్మా. పోనా?"

"వద్దు తల్లీ" అన్నాను. పుస్తకం తీసి పెట్టెలో పెట్టేశాను. కరుణ గుక్కపట్టి ఏడ్చింది. ఒళ్లు ఇంకా కాలిపోయింది. అక్క తట్టుకోలేకపోయింది.

"ఇచ్చెయ్యి చెల్లే. దానికేం కావాల్నో ఇయ్యి."

ఇచ్చాను. కరుణ వెంటనే ఊరుకుంది. బొమ్మ మీద చెంప పెట్టుకుని, మేమిద్దరం పక్కన ఉండగానే వెళ్లిపోయింది.

బడి తెరిచే ముందు పుస్తకం తిరిగి ఇచ్చేద్దామని తీశాను. అక్క అడ్డం వచ్చింది. "యాడికి తీస్కపోతున్నవ్? నా బిడ్డ అండ్లనే ఉన్నది." పేజీ తెరిచి వేలు పెట్టింది. "సూడు, ఎట్ల నవ్వుతున్నదో."

మళ్లీ వీపే. "అవునక్కా" అన్నాను. బడివాళ్లను బతిమాలి ఆ పుస్తకం మా ఇంట్లోనే ఉంచుకున్నాను.

అక్క రోజూ మధ్యాహ్నం దాని ముందు కూర్చుని ఇంట్లో సంగతులన్నీ చెప్పేది. తర్వాత కొన్నేళ్లకు ఆమె కళ్లు మసకబారాయి. బొమ్మ కాదు కదా, నా ముఖం కూడా ఆనేది కాదు. అప్పటినుంచి నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది.

"ఇయ్యాల ఎట్లున్నదే బిడ్డ?"

కరుణకు, అక్కకు, పరాయి మనిషైన జైనబ్ ఆపాకు కూడా కనిపించింది నాకెందుకు కనిపించలేదో ఈనాటికీ తెలియదు. ఆ పేజీ మీదికి వంగి, కళ్లు చిట్లించి చూసి, ఒకరోజు నవ్వుతోందని, ఒకరోజు నిద్రపోతోందని చెప్పేదాన్ని.