డిస్‌గ్రేస్‌ఫుల్ ఎవరికి తగిలించాలి?

నిజాం పాలన పోయిన కొత్తలో మా ఖాజాగూడ మొత్తానికి ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. వచ్చినదంతా రాస్తే ఓ పోస్టుకార్డు నిండదు, అది వేరే సంగతి. అందులో నాకు బాగా వంటబట్టిన మాట ‘డిస్‌గ్రేస్‌ఫుల్’. సిగ్గుచేటు అని అర్థం. (మా ఇంగ్లీషు పంతులు నా నోటుబుక్కు నిండా ఎర్రసిరాతో రాసి మరీ నేర్పాడు.) ఆ ఎండాకాలానికి మా ఊరి మంచినీళ్ల బావి లోపలి ఒర కూలి, బావి పూడిపోయి ఏడాదైంది. అమ్మ రోజూ రాయదుర్గం దాకా నడిచి నీళ్లు మోసుకొచ్చేది. కొత్త తాసీల్దారుకు ఇంగ్లీషులో అర్జీ పెడితే బావి బాగవుతుందని పెదనాయిన నన్ను కూర్చోబెట్టాడు.

‘బావి స్థితి డిస్‌గ్రేస్‌ఫుల్’ అని రాసి అర్థం చెప్పాను. పెదనాయిన ఇంతెత్తున లేచాడు.

“ఇన్నేండ్లు నీళ్లిచ్చిన తల్లిని సిగ్గులేనిదంటవారా?”

సరే, పట్వారి నిర్లక్ష్యం డిస్‌గ్రేస్‌ఫుల్ అందామన్నాను.

“నీ మేనత్త మొగుడురా! రేపు ఏ మొకం వెట్టుకొని ఆళ్లింటికి పోను?”

పోనీ, సర్కారు?

“అందర్ని జైల్ల ఏస్తరు!”

నాకు తిక్కరేగి మాట కొట్టేయబోతే చెయ్యి పట్టుకున్నాడు. “గింత బరువున్న మాట పారేస్తవా? ఉర్దూ అర్జీ ఆఖర్న మేం తక్కువోళ్లమని రాస్కుంటం గద. గాడ వెట్టు.” ఎంత మొత్తుకున్నా వినడే! చివరికి ‘మీ డిస్‌గ్రేస్‌ఫుల్ గ్రామస్థులు’ అని రాశాను. కింద ఊరంతా వేలిముద్రలు వేసింది.

వారం తిరక్కుండా తాసీల్దారు జీపులో దిగాడు. కోస్తా మనిషి. “ఇన్ని అర్జీలు చూశానండీ, తమను తామే సిగ్గుమాలినవాళ్లమని తిట్టుకున్నది ఇదొక్కటే. ఇంతకీ మీరు చేసిన ఆ సిగ్గుమాలిన పనేమిటండీ?”

పెదనాయిన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఇక బావి పని గోవిందా అనుకున్నాను. అంతలో ఖాళీ బిందె చంకన పెట్టుకుని అమ్మ ముందుకొచ్చింది.

“బాయి ఒర కూలి ఏడాదాయె సారూ. ఏడాది సంది బిందెలు మోస్కుంట నోర్మూస్కొని ఉన్నం. గదే మా సిగ్గుమాలిన పని.”

తాసీల్దారు అర్జీ మడిచి జేబులో పెట్టుకుని, బావి చూపించమన్నాడు. ఆ నెలలోనే తాపీవాళ్లు వచ్చారు.

ఇప్పుడు అమ్మ నడిచిన దారంతా అద్దాల మేడలు. వాటిలో ఒకదాంట్లో పనిచేసే మునిమనవడు నిన్న వచ్చి, “తాతా, మా మేనేజరుకు గట్టిగ మెయిల్ రాస్తున్న. డిస్‌గ్రేస్‌ఫుల్ అని ఎక్కడ పెట్టాలె?” అని అడిగాడు. నన్నడిగితే ఏం లాభంరా, నాయనా! నాకు తెలిసింది దాని అర్థం ఒక్కటే. ఎక్కడ పెట్టాలో తెలిసిన అమ్మకు ఇంగ్లీషు రానేలేదు.