ఒకే ట్రాలీలో తొమ్మిది వినాయకులు

తొమ్మిది మట్టి వినాయకులు, ఒక గొడుగు, ఒక చెప్పు. ఆ సాయంత్రం నేను పోగొట్టుకున్నవి ఇవి.

చవితి ముందురోజు, వినాయకులను చేసి అమ్మే ధూల్‌పేట్‌లో మా సైదాబాద్ గల్లీవాళ్ల విగ్రహాలన్నీ ఒకే ట్రాలీ ఆటోలో ఎక్కించాను. రెండో బండి కిరాయి మిగులుతుందని నా లెక్క.

"గుడ్లన్నీ ఒకే బుట్టల పెడ్తున్నవ్ బాపూ! ఇంగ్లిష్‌ల గిట్లనే అంటరు. బుట్ట జారితే ఒక్కటి గూడ మిగలదు," అంది బిడ్డ.

"ఇవి గుడ్లా? దేవుళ్లు! ఫికర్ జెయ్యకు," అన్నాను.

వానలో గుంత కనిపించలేదు. ట్రాలీ బోల్తా పడింది. తొమ్మిదీ ముక్కలే. తెల్లారితే పూజ. దుకాణం దుకాణం తిరిగితే ఎనిమిదే దొరికాయి.

తొమ్మిదోది అందని పక్కింటి యాదమ్మక్క ఆ ఏడు పసుపు ముద్దనే వినాయకుడిగా నిలిపి పూజ చేసుకుంది. అప్పటినుంచి ఏటా విగ్రహం తెస్తానంటే, "నా పసుపు దేవుడు ఏ బండెక్కడు, ఆయనే సాలు తమ్మీ," అని నవ్వుతుంది. ఇప్పుడు రెండు బండ్లు మాట్లాడుతున్నాను. అయినా ఆమెకు ఒక వినాయకుడు ఇంకా బాకీనే.