పిన్నీసులు చూపిన ఉత్తరం

2004 జూన్‌లో లేహ్ నుంచి ఢిల్లీ కంటోన్మెంట్‌కి పోస్టింగ్ వచ్చింది. ఉదయం ఆరుంబావుకు మయూర్ విహార్‌లో నా భార్యాబిడ్డలు ఉంటున్న మా బావమరిది ఫ్లాట్ ముందు నల్ల ట్రంకుపెట్టె దించాను. తలుపు తీసింది మా అమ్మాయి స్వాతి. తొమ్మిదేళ్లు, ఢిల్లీలో పెరిగి నోటికి హిందీయే అలవాటు. ఎండకీ మంచుకీ కమిలిన నా మొహం చూసి లోపలికి అరిచింది: "మమ్మీ, కోయీ అంకుల్ ఆయే హై!"

ఎవరో అంకుల్ అట! రెండేళ్లలో ఒక్కసారి సెలవు దొరికినవాడికి అంతకన్నా ఏం స్వాగతం? నా భార్య పద్మ పరుగెత్తుకొచ్చి, "నాన్నే, మొద్దూ!" అంది. పిల్ల అంకుల్ అనడం మానేసింది. నాన్నా అనడం మాత్రం మొదలుపెట్టలేదు. బస్ కండక్టర్‌ని 'ఏమండీ' అని పిలిచినట్టు "సునియే" అనేది. నాకు ప్రాణం ఉసూరుమనేది.

నేను ఆర్టిలరీలో సర్వే హవల్దార్‌ని. ఫిరంగి ఎక్కడుందో, లక్ష్యం ఎక్కడుందో కొలిచి చెప్పడం మా పని. పైన మంచుకొండల్లో మా సుబేదార్ రేడియోలో రోజూ అదే మాట: "కొలత తప్పితే గుండు మనవాళ్ల మీదే పడుతుంది. ఫిర్ సే నాపో." మళ్లీ కొలిచేవాణ్ణి. మైనస్ ఇరవైలో, చేతి తొడుగులు తీసి.

అలాంటివాడి చేతిలో స్వాతి తన సాహస కథల పుస్తకం పెట్టింది. నలుగురు పిల్లలు, ఒక కంపాస్, ఒక దీవి. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. ఇనుప వంతెన మీద నిలబడి దిక్కు చూస్తారు! ముళ్లపొదల్లో పరుగెత్తుతూ అడుగులు లెక్కపెడతారు! చీకటి పడేలోగా మ్యాప్ తయారు. బయల్దేరిన చోటికే గీత వెంట్రుకవాసి తేడా లేకుండా కలుస్తుంది. ఎవరి చెవిలో పూలు పెడతారండీ? ఎర్ర పెన్సిల్ తీసి మార్జిన్లన్నీ దిద్దాను. పిల్ల పుస్తకం లాక్కుంది. "మేరీ కితాబ్ హై! మ్యాప్ ఐసే హీ బన్‌తా హై!"

"సరే, మ్యాప్ అలాగే తయారవుతుందేమో ఆదివారం కొలిచి చూద్దాం," అన్నాను. తప్పులు దిద్ది కూతురి మనసు గెలుద్దామనుకున్న తెలివైనవాణ్ణి మరి.

ఆదివారం పొద్దున్నే ఐదున్నర. అప్పటికి క్వార్టర్‌కి మారాం. దాని వెనక సర్కారు తుమ్మ పొదల మైదానం. స్వాతికి అడుగుల లెక్క, పద్మకి కంపాస్, నాకు నోట్‌బుక్. పుస్తకంలోలాగే కంపాస్ గుండెల దగ్గర పట్టుకోవాలని స్వాతి హుకుం. గుమ్మం, నీళ్ల ట్యాంకు, గోడ మూల, మళ్లీ గుమ్మం. కాగితం మీద గీస్తే ఆఖరి గీత గుమ్మానికి ముప్ఫై అడుగుల ఇవతలే ఆగింది.

"అడుగులు తప్పు లెక్కపెట్టావు," అని గదిమాను.

"నహీ! మైనే ఠీక్ గినా!" కళ్లనిండా నీళ్లు.

మళ్లీ వెళ్లాం. ఏడున్నర. ఎండ చురుక్కుమంటోంది.

"ట్యాంకు ఎంత?" అని అరిచాను.

"డెబ్భై రెండు డిగ్రీలు," అంది పద్మ.

"ఇందాక ఎనభై ఒకటి అన్నావు కదే!"

"ముల్లు అలా చూపిస్తే నన్నంటారేం? నేనేమైనా తిప్పానా?"

విసుక్కుంటూ దగ్గరికెళ్లాను. అప్పుడు కనిపించింది. పద్మ మంగళసూత్రానికి వేలాడుతున్న పిన్నీసుల గుత్తి. ఏడో ఎనిమిదో. కంపాస్ సరిగ్గా వాటి మీద, ఇనుము ముల్లుని లాగేస్తోంది. పద్దెనిమిదేళ్ల సర్వీసు! పుస్తకంలో ఇనుప వంతెన కనిపించింది గానీ, పెళ్లాం మెడలో ఇనుము కనిపించలేదు. సిగ్గేసింది.

"తప్పు నాదే తల్లీ. నీ లెక్క కరెక్టే."

స్వాతి ముక్కు తుడుచుకుంది. "పెన్సిల్ దీజియే." ఎర్ర పెన్సిల్ తీసుకుని నా నోట్‌బుక్ పేజీ నిండా ఇంటూ కొట్టింది.

పిన్నీసులు టిఫిన్ మూతలో పెట్టి మూడోసారి కొలిచాం. ఆరడుగుల తేడా.

"బుక్ మే తో మిల్ గయా థా," అంది దిగులుగా.

"పుస్తకంలో కలిసిందంటే అది కథ కాబట్టి. నిజంగా కొలిస్తే ఎంతో కొంత తేడా మిగులుతుంది. దాచకూడదు."

స్వాతి మ్యాప్‌లో ఆ గీత కలపకుండా అలాగే వదిలింది. ఆ తర్వాత పక్కన కూర్చునేది, లెక్కలు అడిగేది. నాన్నా అన్న ఆ ఒక్క మాట మాత్రం రాలేదు. మార్చిలో మళ్లీ లేహ్ వెళ్లమన్నారు.

ఇప్పుడు పెన్షన్ మీద ఇంట్లో ఉన్నాను. అక్కడ మంచు ఎంత, చలి ఎంత అని అడుగుతుంటారు మీరంతా. నాకు గుర్తొచ్చేది వేరు. ఆ మార్చిలో పైకి చేరాక బంకర్‌లో ట్రంకు తెరిచాను. బట్టల మీద ఆ మ్యాప్. గీత కలవని గోరంత ఖాళీలో ట్రంకు పట్టుకున్న మనిషి బొమ్మ. కింద వంకరటింకర తెలుగులో 'నాన' అని రాసి ఉంది.

ఒత్తు లేదు. ఎర్ర పెన్సిల్ జేబులోనే ఉంది. తియ్యలేదు.